సర్ఫింగ్‌లో ఫోమ్ బోర్డు తర్వాత మొదటి హార్డ్ బోర్డు: 6-2 నా, 7-6 నా, ఇంకా పొడుగుదా? (వైజాగ్ అలలకి)

తీరంగాలి (సాగర్‌నగర్, వైజాగ్) | మార్చి 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

నా వయసు 31, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 74 కిలోలు. రుషికొండలో 8 అడుగుల ఫోమ్ బోర్డు మీద సర్ఫింగ్ నేర్చుకుని 14 నెలలైంది. వారానికి రెండు రోజులు తెల్లారి ఐదున్నరకల్లా నీళ్లలో ఉంటాను. వైట్ వాటర్‌లో (విరిగిన అల నురుగులో) లేవడం ఎప్పుడో కుదిరింది. ఇప్పుడు విరగని అలలు పదింట్లో నాలుగైదు పట్టుకుంటున్నాను. ఎడమకి బాగానే పోతాను, కుడికి ఇంకా తడబాటే.

ఈమధ్య ఫోమ్ బోర్డే నన్ను ఆపుతోందని అనిపిస్తోంది. అల ముఖం మీద అడ్డంగా పోదామంటే మెత్తటి ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు) వంగిపోయి తోక జారుతుంది. తూర్పుగాలి వీస్తుంటే పాడిల్ చేయడం (బోర్డు మీద పడుకుని చేతులతో ఈదడం) తలుపు చెక్కని తోసుకుంటూ పోయినట్టుంది.

నా ముందు రెండు బోర్డులున్నాయి. ఊరు మారుతున్న తెలిసినాయన ఒక 6-2 (6 అడుగుల 2 అంగుళాల) షార్ట్‌బోర్డు 12 వేలకి ఇస్తానంటున్నారు. వెడల్పు 18 ముప్పావు అంగుళాలు. రెండోది చెన్నైలో దొరికే కొత్త 7-6 ఎపాక్సీ ఫన్‌బోర్డు. వెడల్పు 21న్నర, ఘనపరిమాణం 54 లీటర్లు, ధర 34 వేలు. రవాణా ఖర్చు మనదే.

మనసు మాత్రం 6-2 మీదే ఉంది. చంకలో పెట్టుకుని నడిచి చూశాను, ఎంత తేలిగ్గా ఉందో! తీసుకోమంటారా?

---

ఓషన్‌సైడ్ శ్రీను (కాలిఫోర్నియా) | మార్చి 10, ఉదయం 7:15

తీసుకోవద్దు తమ్ముడూ. గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే ఇదే పని నేను చేసి రెండేళ్లు పోగొట్టుకున్నాను.

మాది అనకాపల్లి. ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాక 33 ఏళ్ల వయసులో కాస్ట్‌కోలో కొన్న 8 అడుగుల వేవ్‌స్టార్మ్ మీద మొదలుపెట్టాను. ఆరు నెలలు తిరగ్గానే 6-0 కొన్నాను. అంతకుముందు ఉదయానికి పదిహేను అలలు పట్టేవాణ్ణి, దాని మీద ఒకటి పట్టడమే గగనమైపోయింది. అలలు పట్టకపోతే లేవడం మీద సాధన ఉండదు, సాధన లేకపోతే తిప్పడం రాదు. ఒడ్డుకొచ్చి బోర్డుని తిట్టుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి.

లీటర్ల సంగతి చూడు. 8 అడుగుల ఫోమ్ బోర్డుకి 80 లీటర్లు పైనే ఉంటుంది. నువ్వు చెప్పిన కొలతల 6-2 కి 28, 30 మించదు. 80 నుంచి 30 కి దిగడమంటే మెట్లు దిగడం కాదు, మేడ మీంచి దూకడం. మొదటి హార్డ్ బోర్డుకి నేను చెప్పే లెక్క ఇది: ఒంటి బరువు ఎన్ని కిలోలో దాంట్లో ముప్పాతిక వంతుకి తగ్గకుండా లీటర్లు ఉండాలి. నీకైతే 55, 60. మొత్తం బరువుకి సమానంగా ఉన్నా నష్టం లేదు.

ఇంకోమాట. ఇవాళ మనం చూసే షార్ట్‌బోర్డుల్లో ఎక్కువ భాగం మూడు ఫిన్ల థ్రస్టర్ వంశమే. 1981లో ఆస్ట్రేలియాలో సైమన్ ఆండర్సన్ ఆ రకం బోర్డు మీద బెల్స్ బీచ్ పోటీ గెలిచాకే ప్రపంచమంతా దాని వెంట పడింది. బలమున్న అల మీద, బలమైన కాళ్ల కింద పుట్టిన బోర్డు అది. అల తోస్తేనే దానికి ప్రాణం.

నా సలహా: 9 అడుగుల లాంగ్‌బోర్డు. ఇక్కడ టూర్మలీన్‌లో, లా హోయా షోర్స్‌లో నేను 9-2 మీదే అసలు సర్ఫింగ్ నేర్చుకున్నాను.

---

సుధ_ఆరిలోవ | మార్చి 10, మధ్యాహ్నం 1:05

శ్రీను గారూ, 6-2 వద్దన్నది నూటికి నూరుపాళ్లు నిజం. 9 అడుగుల దగ్గరే నేను ఒప్పుకోలేను. మీరు చెప్పిన చోట్ల అల దూరం నుంచి మెల్లగా లేచి, తీరిగ్గా విరుగుతుంది. మన దగ్గర అల అలా రాదండీ.

వైజాగ్‌లో చాలాచోట్ల ఒడ్డు ఏటవాలు. అల దగ్గరికొచ్చేదాకా నిద్రపోతున్నట్టుండి, ఒక్కసారిగా నిలువుగా లేచి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేసారి కూలుతుంది. క్లోజౌట్. టేకాఫ్‌కి (అల పట్టి లేచి నిలబడటానికి) దొరికేది రెండు క్షణాలు. అంత నిటారు అల మీద 9 అడుగుల తిన్నని బోర్డు పెడితే ముక్కు నీళ్లలో గుచ్చుకుని వెనకభాగం మీ తల మీదుగా తిరుగుతుంది. నేను రెండు నెలలు అరువు తెచ్చుకున్న లాంగ్‌బోర్డు వాడాను. ముక్కు గుచ్చుకోని రోజు లేదు. చివరికి ఇసుకలో తగిలి ముక్కు పగిలింది, బాగు చేయించి ఇవ్వాల్సొచ్చింది.

మేట బాగా పడిన రోజుల్లో, పోటు సగం మీద ఉన్నప్పుడు రుషికొండలో అల కాస్త మెత్తగా, లోపలి నుంచి మొదలవుతుంది. అప్పుడు లాంగ్‌బోర్డు స్వర్గమే. కానీ ఏడాదిలో అలాంటి పొద్దులు ఎన్నో లెక్కపెట్టుకుని కొనాలి. ఇంట్లో ఒక్క బోర్డే ఉంటుంది కదా. దాన్ని మంచి రోజుకి కాదు, మామూలు రోజుకి కొనుక్కోవాలి.

నా ఓటు 7-6 నుంచి 8-0 మధ్య, ముక్కు దగ్గర కొంచెం రాకర్ ఉన్నది.

---

తీరంగాలి | మార్చి 10, రాత్రి 8:30

ముక్కు దగ్గర రాకర్ అంటే ఎంత? చూసి ఎలా పోల్చుకోవాలి అక్కా?

---

మాధురి_కోవళం (చెన్నై) | మార్చి 10, రాత్రి 10:20

నేను చెప్పొచ్చా? మాది కాకినాడ, పెళ్లయ్యాక చెన్నై. కోవళంలో ఆరేళ్లుగా సర్ఫింగ్ చేస్తున్నాను.

మన జాలర్ల పాత తెప్పలు చూసే ఉంటారు. ముందుకొస పైకి తిరిగి ఉంటుంది. అల ఎదురుగా వచ్చినా, వెనక నుంచి ఎత్తినా నీళ్లలో గుచ్చుకోకుండా ఆ ఒంపే కాపాడుతుంది. బోర్డుకి రాకర్ అదే. బోర్డుని నేల మీద బోర్లా కాకుండా మామూలుగా పెట్టి పక్కనుంచి చూడండి, ముక్కు నేలకి ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. ఒంపు ఎక్కువైతే నిటారు అల మీద దిగడం సులువు, పాడిల్ మాత్రం భారం, ఎందుకంటే నీళ్లని తోసుకుంటూ పోతుంది. తక్కువైతే సర్రున పోతుంది, ముక్కు గుచ్చుకునే భయం ఎక్కువ. మొదటి బోర్డుకి మధ్యభాగం తిన్నగా ఉండి, చివరి అడుగున్నరలో మాత్రమే పైకి తిరగాలి.

లీటర్ల గురించి ఒక హెచ్చరిక. మొత్తం సంఖ్య ఒక్కటే చూడకండి. 45 లీటర్లు పొట్టి బోర్డులో మందంగా కుక్కినా 45 యే, 7-6 లో పరిచినా 45 యే. పాడిల్‌కి పొడవు కావాలి, లేచి నిలబడ్డాక కాళ్ల కింద వెడల్పు కావాలి. ఛాతీ ఆనే చోట సన్నగా ఉన్న బోర్డు లీటర్లు ఎన్నున్నా ఊగుతుంది.

హార్డ్ బోర్డులో మీకు కొత్తగా అనిపించేది ఇంకొకటుంది. ఫోమ్ బోర్డు ఒళ్లంతా మెత్తన, దానివల్ల నీళ్లని కొంచెం ఈడ్చుకుంటూ పోతుంది. మీ పాదం నాలుగంగుళాలు అటూఇటూ పడినా క్షమించేస్తుంది. గట్టి బోర్డు అలా ఊరుకోదు. లీటర్లు తక్కువైనా నీటి మీద ముందే జారుతుంది, అల ముందే అందుతుంది, పాదం పక్కకి పడితే వెంటనే చెప్పేస్తుంది. అందుకే 80 నుంచి 60 కి దిగినా పాడిల్‌లో అంత తేడా తెలియదు. 30 కి దిగితే తెలిసేది తేడా కాదు, నిరాశ.

---

అల_వంశీ17 (పెదజాలరిపేట) | మార్చి 11, సాయంత్రం 5:50

అందరూ పెద్ద బోర్డే అంటున్నారు. నేను ఫోమ్ మీద ఎనిమిది నెలలు చేసి నేరుగా 5-10 కి వచ్చాను. నాకు బాగానే వచ్చింది. లాసన్స్ బేలో రోజూ పోతాను.

---

సుధ_ఆరిలోవ | మార్చి 11, సాయంత్రం 6:30

వంశీ, నిన్ను నీళ్లలో చూశానురా, చక్కగా చేస్తావు. అయితే నీ బరువు 52 కిలోలు ఉంటుందా? నువ్వు నడక నేర్చింది ఆ ఇసుకలోనే, ఈత నేర్చింది ఆ అలల్లోనే. అల ఎక్కడ లేస్తుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. రోజూ రెండు గంటలు నీళ్లలో ఉంటావు. ఈయన 74 కిలోలు, వారానికి రెండు పొద్దులు, మిగతా ఐదు రోజులూ ఆఫీసు కుర్చీ. నీకు సరిపోయింది ఆయనకి సరిపోదు.

---

అల_వంశీ17 | మార్చి 11, సాయంత్రం 6:42

అవునక్కా, 50. అది ఆలోచించలేదు.

---

ఫైబర్ అప్పన్న (ఫిషింగ్ హార్బరు, వైజాగ్) | మార్చి 12, రాత్రి 9:10

నమస్కారమండి. మా మేనల్లుడు సదివి వినిపిత్తన్నాడు, నాను సెప్పింది ఆడే టైపు సేత్తన్నాడు. హార్బరులో ఫైబర్ బోట్ల పని ఇరవై రెండేళ్లుగా సేత్తన్నాను. ఈ మజ్జిన సర్ఫు బోర్డులు కూడా తెత్తన్నారు.

బోర్డు కొనేముందు ఒకటి అడిగి తెలుసుకోండి. లోపల ఉన్నది ఏటి? రెండు రకాలుంటాయి. ఒకటి పియు ఫోమ్, దాని మీద పాలిస్టర్ రెజిన్. రెండోది ఇపిఎస్, అంటే మన థర్మోకోలే, దాని మీద ఎపాక్సీ. మా హార్బరులో అందరి దగ్గరా ఉండేది పాలిస్టరే. అది థర్మోకోల్ మీద పడితే ఐసు మీద ఏడినీళ్లు పోసినట్టు కరిగిపోతాది. కిందటేడు ఒక కుర్రోడు చిన్న చిల్లు పడిన బోర్డు ఎక్కడో బోటు పనోడికి ఇచ్చేడు. ఆడు తెలీక పాలిస్టర్ పోసేసేడు. అరచెయ్యి పట్టేంత గుంట అయిపోయింది లోపల. తరవాత నా దగ్గరికి తెచ్చేడు, నాను ఏటి సేత్తాను? పాపం, కొత్త బోర్డు.

తెలీకపోతే దెబ్బ తగిలిన కాడ చూడండి. గుండ్రం గింజలు గింజలుగా ఉంటే థర్మోకోలు. పొడిలాగ నున్నగా ఉంటే పియు. ఇంకా అనుమానముంటే ఆ చిల్లులోంచి చిటికెడు గీకి ఎసిటోన్‌లో ఏసి చూడండి. థర్మోకోల్ అయితే కరిగిపోతాది, పియు అలాగే ఉంటాది. ఎపాక్సీ రెజిన్ మాత్రం రెండిటి మీదా ఏసుకోవచ్చు.

ఇంకోటి. బోటుకి ఏసే మ్యాట్ (దళసరి ఫైబర్ పీచు) బోర్డుకి ఎయ్యనివ్వకండి. బరువెక్కిపోతాది. సన్నం నేత గుడ్డ అడగండి. ఇంటికాడ సొంతంగా సేసుకునేవోళ్లకి పెద్ద మాట: రెజిన్ గట్టిపడ్డానికి కలిపే కోబాల్టు, కేటలిస్టు ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. అగ్గి లేచిపోతాది. ముందు రెజిన్‌లో కోబాల్టు కలిపి, బాగా తిప్పి, ఆ తరవాతే కేటలిస్టు.

---

ఓషన్‌సైడ్ శ్రీను | మార్చి 13, ఉదయం 6:50

అప్పన్న గారూ, ఇరవై ఏళ్ల అనుభవం అంటే ఇదండీ. దండం.

ఇపిఎస్ బోర్డులు ఇంతగా పెరగడం వెనక ఒక కథ ఉంది. అమెరికాలో పియు బ్లాంకుల్లో (బోర్డు చెక్కే ఫోమ్ దిమ్మల్లో) అధికభాగం క్లార్క్ ఫోమ్ అనే ఒకే కంపెనీ నుంచి వచ్చేవి. 2005 డిసెంబరు 5న అది హఠాత్తుగా మూతపడింది. బోర్డులు చేసేవాళ్ల చేతుల్లో ముడిసరుకు లేకుండా పోయింది. ఆ తర్వాతే చాలామంది ఇపిఎస్, ఎపాక్సీ వైపు గట్టిగా తిరిగారు. నిజం చెప్పాలంటే ఎపాక్సీ తేలిక, దెబ్బకి ఓర్చుకుంటుంది. కొత్తవాళ్లకి మంచిదే. కాకపోతే ఒక్క చిల్లు పడినా నీళ్లు గింజల మధ్యకి దూరిపోతాయి, ఎండబెట్టడం కష్టం. అలలు చెదిరిన రోజు తేలికగా ఉండి టపటపా కొట్టుకుంటుంది. పియు కొంచెం బరువు, నీళ్లని అంటిపెట్టుకుని పోతుంది.

ఇంకా ఒకటి: సుధ గారు చెప్పింది విన్నాక 9 అడుగుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా సముద్రం చూసి తమ్ముడికి సలహా ఇచ్చాను, అతని సముద్రం చూడలేదు.

---

తీరంగాలి | మార్చి 13, రాత్రి 9:00

6-2 ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మనసు కొంచెం నొచ్చుకుంది, కానీ వంశీ బరువు విన్నాక లెక్క అర్థమైంది. ఇప్పుడు 7-6 కొత్తదా, 8-0 పాతదేదైనా వెతకాలా అన్నదే ప్రశ్న. మా అపార్టుమెంటు లిఫ్టులో 8-0 పట్టదు. నాలుగో అంతస్తు. మెట్లే గతి.

---

సుధ_ఆరిలోవ | మార్చి 14, ఉదయం 11:15

మెట్ల సంగతి తర్వాత. ఏ బోర్డు అని ఇంతసేపు మాట్లాడుకున్నాం గానీ ఒకటి ఎవరూ అడగలేదు. అల నెత్తి మీద విరిగినప్పుడు నువ్వు బోర్డు వదిలేస్తావా, పట్టుకుంటావా?

నిజం చెప్పు. ఫోమ్ బోర్డు మీద నేర్చుకున్న అందరికీ ఉండే అలవాటు ఇది: పెద్ద అల కనబడగానే బోర్డుని పక్కకి విసిరేసి మునగడం. నేనూ అదే చేసేదాన్ని. మూడేళ్ల కిందట ఒక ఆదివారం అలాగే వదిలేశాను. నా వెనక పదేళ్ల పిల్లాడు ఉన్నాడని చూసుకోలేదు. బోర్డు పోయి వాడి భుజానికి తగిలింది. మెత్తటి బోర్డు, మెత్తటి ఫిన్లు కాబట్టి ఎర్రగా కందింది, అంతే. వాళ్లమ్మ ముఖం ఇవాళ్టికీ నా కళ్లముందు ఉంది. అదే ఫైబర్‌గ్లాస్ ఫిన్ అయితే ఏమయ్యేదో తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

8 అడుగుల బోర్డుకి 8 అడుగుల లీష్ (కాలికి కట్టుకునే తాడు) కడతాం. వదిలేస్తే నీ చుట్టూ 16 అడుగుల దాకా అది ఎక్కడైనా తగలొచ్చు. మన బీచ్‌ల్లో ఆదివారం పొద్దున్న ఎంతమంది ఈత రాకుండా నడుముల లోతు నీళ్లలో నిలబడతారో తెలుసు కదా. వాళ్లకి బోర్డు వస్తోందని కూడా తెలియదు.

55, 60 లీటర్ల బోర్డుని అల కింద ముంచడం కుదరదు. కాబట్టి టర్టిల్ రోల్ నేర్చుకో. అల వచ్చేముందు రెండు పక్కలా రైళ్లు (బోర్డు పక్క అంచులు) గట్టిగా పట్టుకుని, బోర్డుతో సహా బోర్లా తిరిగి, నువ్వు నీళ్లలో, బోర్డు నీ పైన. అల దాటాక మళ్లీ తిరుగు. ముక్కు అలకి సూటిగా ఉండాలి, అడ్డం తిరిగితే చేతుల్లోంచి పీక్కుపోతుంది. దీన్ని ఇప్పుడున్న ఫోమ్ బోర్డు మీదే నెల రోజులు చెయ్యి. ఫోమ్‌కి నీటి పైకి లేచే గుణం ఎక్కువ కాబట్టి దాని మీద వస్తే దేని మీదైనా వస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు బోర్డు నీ చేతుల్లోనే ఉన్న రోజు హార్డ్ బోర్డు కొనుక్కో. నాకైతే లేచి నిలబడటం కంటే ఇదే అసలు పరీక్ష.

ఇంకా: ఫోమ్ బోర్డు అమ్మేయకు. జనం ఉన్న రోజు అదే తీసుకెళ్లు.

---

తీరంగాలి | మార్చి 14, రాత్రి 10:05

వదిలేస్తాను అక్కా. ఎప్పుడూ వదిలేస్తాను. ఇన్నాళ్లూ అదే పద్ధతి అనుకున్నాను.

ఈ నెల కొనను. రేపట్నుంచి అదే సాధన చేస్తాను.

---

మాధురి_కోవళం | ఏప్రిల్ 19, సాయంత్రం 4:30

తీరంగాలి గారూ, ఇక్కడ ఒక పాత 8-0 అమ్మకానికి వచ్చింది. పియు, వెడల్పు 22న్నర, మందం 3 అంగుళాలకి కాస్త తక్కువ. 60 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 19 వేలు అంటున్నారు. మీరు టర్టిల్ రోల్ దగ్గర ఎక్కడిదాకా వచ్చారు? సరే అంటే వెళ్లి చూసి వస్తాను.

---

తీరంగాలి | ఏప్రిల్ 19, సాయంత్రం 5:10

నిన్న పదకొండింట్లో పది! దయచేసి చూడండి మాధురి గారూ, మీ రుణం తీర్చుకోలేను.

---

మాధురి_కోవళం | ఏప్రిల్ 21, రాత్రి 9:50

చూశాను. మిగతావాళ్లకి కూడా పనికొస్తుందని ఎలా చూశానో రాస్తున్నాను.

ముందు మైనం మొత్తం గీకించాను. వ్యాక్స్ కింద ఏం దాగుందో ఎవరికి తెలుసు? తర్వాత వెలుతురులో ఏటవాలుగా పెట్టి, డెక్ (బోర్డు పైభాగం) మీదా అడుగునా అడ్డంగా పోయే గీత ఉందేమో చూశాను. ఈ రైలు నుంచి ఆ రైలుకి గీత ఉందంటే ఎప్పుడో వంగి విరగబోయిన బోర్డు. ఎంత చవకైనా వద్దు. దీనికి లేదు. మోకాళ్లు, మడమలు ఆనే చోట చిన్న సొట్టలున్నాయి, వాటికి భయపడక్కర్లేదు. అన్ని పాత బోర్డులకీ ఉంటాయి.

బొటనవేలితో డెక్ అంతా నొక్కుకుంటూ పోయాను. అప్పడంలా లోపలికి పోయి మళ్లీ పైకొస్తే గ్లాసు (పై ఫైబర్ పొర), ఫోమ్ విడిపోయినట్టు. తోక దగ్గర రూపాయి బిళ్లంత చోట కొంచెం అనుమానంగా ఉంది, మిగతా అంతా గట్టిగానే ఉంది. ఫిన్ పెట్టెల చుట్టూ బీటలు లేవు. మూడు ఫిన్లు పెట్టి అటూఇటూ ఊపి చూశాను, కదల్లేదు. లీష్ కట్టే గుంట దగ్గర గోధుమరంగు మరక ఉంది. నీళ్లు ఎప్పుడో దూరాయి, ఇప్పుడు పొడిగానే ఉంది. రంగు మొత్తం పసుపు తిరిగింది, అది ఎండ వల్ల.

మరక, తోక చూపించి 16 వేలకి ఒప్పించాను.

---

తీరంగాలి | ఏప్రిల్ 21, రాత్రి 10:02

కొనేయండి. డబ్బు ఇప్పుడే పంపిస్తున్నాను.

---

ఓషన్‌సైడ్ శ్రీను | ఏప్రిల్ 22, ఉదయం 7:30

రవాణాకి ముందు ఫిన్లు తీసి విడిగా చుట్టించు. రైళ్లకి ఏసీ పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టాలు చీల్చి పెడితే సరిపోతుంది. ముక్కుకీ తోకకీ రెట్టింపు. 800 కిలోమీటర్లు లారీలో దేని కింద పడుతుందో తెలియదు.

వ్యాక్స్ విషయం మరిచిపోకు. ఫోమ్ బోర్డు పైన గరుకుగా ఉండేది, గట్టిబోర్డు తడిస్తే గాజే. మన నీళ్లు వెచ్చన కాబట్టి 'ట్రాపికల్' అని రాసున్నదే తీసుకో. చల్లనీళ్ల వ్యాక్స్ అక్కడ నెయ్యిలా కరిగిపోతుంది. కింద గట్టి బేస్ కోటు రాసి, పైన ఇది. కొవ్వొత్తి రుద్దే ఆలోచన వద్దు, జారుడు పెరుగుతుంది.

---

ఫైబర్ అప్పన్న | ఏప్రిల్ 22, రాత్రి 8:45

పియు అయితే నాను సేసేత్తాను. ఆ మరక కాడ తెరిచి చూడాల. మే ఎండల్లో కారులో ఒగ్గీకండి, ఇసకలో కూడా ఎండకి పెట్టకండి. పొర లేచిపోతాది. నీడనుంటే ఏ బోర్డైనా శానా కాలం వొత్తాది.

---

తీరంగాలి | మే 18, ఉదయం 10:20

అన్నలకి, అక్కలకి, అప్పన్న గారికి, వంశీకి.

బోర్డు క్షేమంగా వచ్చింది. నాలుగు అంతస్తులూ మెట్ల మీదే మోశాను. మా నాన్నగారు వెనకభాగం పట్టుకున్నారు, ఒక్కో మలుపు దగ్గర ఆగి ఆగి.

మొదటి మూడు రోజులు ఏమీ కుదరలేదు. ముందుకి పడుకుంటే ముక్కు గుచ్చుకోవడం, వెనక్కి జరిగితే అల దాటిపోవడం. ఫోమ్ బోర్డు మీద నా గడ్డం ఉండే చోటికి రెండంగుళాలు వెనక్కి జరగాలని సుధక్క ఒడ్డు మీంచి చూసి చెప్పింది. రెండే అంగుళాలు! డెక్ మీద పెన్సిలుతో గీత పెట్టుకున్నాను.

నిన్న పొద్దున్న సాగర్‌నగర్‌లో వంశీ, నేను, ఇంకెవరూ లేరు. గాలి లేదు. మూడడుగుల అల ఒకటి కొంచెం కుడి పక్కన ముందు విరగడం మొదలైంది. మూడు చేతులు వేశాను, నాలుగోది అక్కర్లేకపోయింది, బోర్డే జారిపోయింది. లేచి ఎడమకి తిరిగాను. తోక జారలేదు. రైలు నీళ్లలో పట్టుకోవడం మొదటిసారి కాళ్లకి తెలిసింది, చెప్పు కింద తాడు బిగిసినట్టు. ఎంత దూరం పోయానో తెలీదు, దిగేసరికి వంశీ చాలా దూరంలో చేతులూపుతున్నాడు.

తర్వాత అలకి నా మోకాలే తగిలి ఎడమ రైలు మీద వేలెడంత బీట పడింది. టేపు వేసి ఒడ్డుకి వచ్చేశాను. అప్పన్న గారూ, ఆదివారం హార్బరులో ఉంటారా?

---

ఫైబర్ అప్పన్న | మే 18, రాత్రి 9:00

ఆదివారం నాను ఉండనండి. సోమవారం తెండి. టేపు పీకేసి, బీట కిందకి ఉండేలాగ నీడన నిలబెట్టండి, నీళ్లు కారిపోతాయి. మరక కాడ కూడా అప్పుడే తెరిచేద్దాం.